కట్టి ఉంచిన గేలీ

ఆమదాలవలసలో షుగర్ ఫ్యాక్టరీ కూత పెట్టేక,
రెండో షిఫ్టు సైకిళ్లు వెళ్లిపోయేక
వచ్చేవాడు గొర్లె కూర్మారావు.
చెప్పుల నిండా ఏజెన్సీ మట్టి,
జేబులో నాలుగు మడతల కాగితం.
"పెద్దక్షరాలు తియ్యి బావూ" అన్నాడు ఆ రాత్రి.
"సవర లిమ్మయ్య ఎక్కడ?"

మా ప్రెస్సులో చెక్కతో చేసిన పెద్దక్షరాలు
ఒక్క సెట్టే.
ఎ ఒకటి. ప్రశ్నార్థకం ఒకటి.
అంతకు మించి అడగాల్సిన అవసరం
ఈ ఊళ్లో ఎవరికీ పడలేదు మరి.

తలకిందుల అక్షరాలు చదవడం
నాకు అన్నం పెట్టిన విద్య.
లిమ్మయ్యని సీతంపేట సంతలో
కొండచీపుళ్లు అమ్ముతుంటే జీపెక్కించేరట.
చూసినవాళ్లు పదకొండుమంది.
ఒక్క పేరూ రాయలేదు కూర్మారావు.
"ఆళ్లు మళ్లీ సంతకి రావాల కదా."

దారం చుట్టి గేలీ బిగించేను.
ప్రూఫు తీద్దామంటే సిరా డబ్బా అడుగంటింది.
"పొద్దున చూద్దాం" అన్నాను.
యాభై ఏళ్లయింది.
ఆ రెండు మాటలూ ఇంకా నోట్లో ఉన్నాయి,
చల్లారని సీసంలా.

సైకిలు మా గోడకి ఆనించి
బీడీ ముట్టించుకుని
పలాస పాసింజరుకి నడిచేడు.
స్టేషన్ రోడ్డులో జీపు లైట్లు రెండు.
తర్వాత లైట్లు లేని జీపు.

"అలాటి మనిషే రాలేదు" అన్నారు ఠాణాలో.
కేసు రాయలేదు.
నా దగ్గరా కేసులుండేవి, చెక్క కేసులు,
గడికో అక్షరం.
ఎ ఉండాల్సిన గడి ఖాళీ.

"దారం విప్పి కేసులో పారెయ్రా,
పిల్లలు గలోణ్ణి" అని వణికేడు యజమాని బలగ సన్యాసయ్య.
విప్పేనని చెప్పేను.
పాత కేలండర్ల కట్ట కింద దాచేను.

మరుసటేడు ఎన్నికలొచ్చేయి.
పోస్టర్లకి ఎ కావాలి.
"పోయింది" అన్నాను.
'యన్నికలు' అని వేసేం.
గోడ గోడకీ యన్నికలు.
ఒక్కరూ తప్పన్లేదు.
గెలిచినోళ్లూ ఓడినోళ్లూ డబ్బులు మాత్రం బాకీ పెట్టేరు.

పద్దెనిమిదేళ్లకి ఎర్నమ్మ వచ్చింది
కూతురి శుభలేఖకి.
నుదుటన బొట్టుంది.
పింఛను ఆఫీసువాళ్లు ఆ బొట్టు చూసి పొమ్మన్నారట.
పేరంటంలో అదే బొట్టు చూసి
పసుపు గిన్నె పట్టుకున్నావిడ చెయ్యి ఆగిపోయిందట.

"పెళ్లికూతురి తండ్రి పేరు ముందు
కీ.శే. పెట్టాలా అమ్మా?"
అడిగేక నాలుక కొరుక్కున్నాను.

ఆమె బల్ల మీది సీసం ముక్క తీసి
ఇటూ అటూ తిప్పింది.
"దీని మీద అచ్చరం నేదేటి?"
"అది ఖాళీ అమ్మా,
మాటకీ మాటకీ నడుమ పెడతాం.
అదీ సీసమే. బరువూ అంతే.
సిరా అంటదు, అంతే తేడా."

చాలాసేపు మాటాడలేదు.
అరచేతిలో పెట్టుకుని తూచింది.
"అయితే ఆ రెండచ్చరాల కాడ
ఇదే పెట్టు బావూ."

పెట్టేను.
చూసినవాళ్లు అచ్చుతప్పనుకున్నారు.

లిమ్మయ్య తరఫున ఎవరూ రాలేదు.
వాళ్లకి శుభలేఖలుండవు.
కొండ దిగి వచ్చి, ఈ వీధిలో నిలబడి,
బోర్డు చదవలేక తిరిగెళ్లిపోయిన మనిషెవరైనా ఉన్నారేమో
నాకు తెలీదు.

ఇప్పుడు ట్రెడిల్ లేదు.
సీసమంతా కిలోల్లెక్కన పాతసామాన్లవాడికి.
ఆఖర్న కేలండర్ల కింద గేలీ దొరికింది వాడికి.
కుర్రాడు, ఇరవై దాటవు.
ఎలకలు ఎ తోకని కొరికేసేయి.
దారం నేను మూడుసార్లు మార్చేను,
ముడి మీద ముడి.

"ఇదెంత తూగుద్ది తాతా" అన్నాడు.
అక్షరాలు అడ్డంగా ఉన్నాయని
ఫోనుతో ఫొటో తీసి, తిరగేసి,
కూడబలుక్కుని పైకి చదివేడు:
సవర... లిమ్మయ్య... ఎక్కడ?

ఆ గదిలో ఆ మాట గొంతుతో వినబడ్డం
కూర్మారావు తర్వాత అదే.

"ఎవరు తాతా ఈయన?"

పొద్దున చెప్తాను,
అనబోయి
ఆగిపోయి
బల్ల చూపించేను, కూర్చోమని.